లక్క పళ్ళెంలో ఎల్గార్

బర్మింగ్‌హామ్‌లో ఒక పాత సామాన్ల కొట్లో నాకో 78 రికార్డు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డు, దొరికింది. కుక్క బొమ్మ కింద ‘ది డ్రీమ్ ఆఫ్ జెరోంటియస్’, కండక్టర్ సర్ ఎడ్వర్డ్ ఎల్గార్ అని ఉంది. ఎల్గార్ ఇంగ్లీషు స్వరకర్త; ఇది ఆయన బృందగానానికీ ఆర్కెస్ట్రాకీ రాసిన పెద్ద కృతి. నేనిది మా కోయిర్‌లో పాడాను. 1900లో మొదటిసారి ఇదే ఊళ్ళో పాడినప్పుడు సాధన చాలక అభాసుపాలైంది. ఆ రాసినాయనే 69 ఏళ్ళ వయసులో, 1927 ఫిబ్రవరి 26న, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ కోరల్ సొసైటీ చేత పాడించాడు. మైకుతో రికార్డు చేయడం మొదలై అప్పటికి రెండేళ్ళే. అంతకుముందు బాకా ముందు నిలబడి పాడాల్సిందే. అంత పెద్ద కోరస్ బాకాలో ఎక్కడ పడుతుంది?

ఇంటికి తెచ్చి నేను చేసిన మొదటి పనే తప్పు. స్పిరిట్‌తో అంచు తుడిచాను. గుడ్డ నల్లబడింది. మురికి పోతోందని సంబరపడ్డాను గానీ పోతున్నది రికార్డే! ఇది వినైల్ ప్లాస్టిక్ కాదు, లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్కే. స్పిరిట్ తగిలితే కరుగుతుంది. నయం, గాడి దాకా పోలేదు. తర్వాత బుద్ధిగా డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల సబ్బు, మెత్తటి బ్రష్ పట్టుకుని లేబుల్ తడవకుండా కడిగాను.

తర్వాతి కాలపు ఎల్‌పీ రికార్డుల ముల్లు ఈ వెడల్పు గాడిలో అడుగుకంటా దిగిపోయి గరగరలాడుతుంది. మూడు రెట్లు లావు ముల్లు వేరే కొన్నాను. నా ప్లేయర్‌లో 78 వేగమే లేదు. 45లో తిప్పి, కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో వేగం 73.3 శాతం పెంచాను.

అసలు తంటా అక్కడే. ఆ రోజుల్లో 78 అన్నది పేరుకే, యంత్రాన్ని బట్టి అటూఇటూ అయ్యేది. ఇందులోని ‘ప్రెయిజ్ టు ది హోలియెస్ట్’ కోరస్ సి మేజర్ శ్రుతిలో విరుచుకుపడాలి కదా! కీబోర్డు మీద సి నొక్కి చూస్తే నా కోరస్ కాస్త కిందే ఉంది. వెంట్రుకవాసి పెంచడం, వినడం, మళ్ళీ తగ్గించడం. రెండు రాత్రులు ఇదే పని. శ్రుతి కుదిరిన క్షణాన సోప్రానోల (పై స్థాయిలో పాడే ఆడవాళ్ళ) గొంతుల్లో నీరసం పోయింది, పదాలు తెలిశాయి.

చిటపటలు మాత్రం పూర్తిగా తీయలేదు. మరీ శుభ్రం చేస్తే హాలు గాలి కూడా పోతుంది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: “ఏమండీ, పొయ్యి మీద నేనేమీ పెట్టలేదు, ఆ తాలింపు చప్పుడేమిటి?”

“ఎల్గార్” అన్నాను. అంతలో ఆ వైపు అయిపోయింది, కోరస్ సగంలో ఉండగానే.