పదిహేనో తారీఖు, 2బీ వచ్చిన మర్నాడు

నిన్న 14. జీఎస్టీ పోర్టల్లో జీఎస్టీఆర్-2బీ, అంటే వెండర్లు క్లయింటు పేరున ఎక్కించిన బిల్లుల జాబితా, వచ్చేసింది. 20లోగా నెలవారీ పన్ను రిటర్న్ 3బీ వేయాలి. ట్యాక్స్ కన్సల్టింగ్ ఆఫీసులో నెల బరువంతా ఈ ఐదారు రోజుల మీదే.

2బీతో పోల్చడానికి క్లయింటు నుంచి వచ్చే కొనుగోళ్ల రిజిస్టరుతోనే మొదటి చిక్కు. సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ కొడితే 3-24 అనే బిల్లు నంబరు ‘మార్చి-24’ అయిపోతుంది, 0045లో సున్నాలు రాలిపోయి 45 మిగులుతుంది. అందుకే ఎక్సెల్ డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టాలి. తర్వాత నంబర్లలోని స్లాష్‌లు, డ్యాష్‌లు, ఖాళీలు తీసేసి, వెండర్ జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు) ముందు చేర్చి, రెండు జాబితాల్లో బిల్లుని జతపరిచే కీ తయారుచేయాలి. పోల్చాల్సింది ట్యాక్సబుల్ విలువని. బిల్లు మొత్తంలో రౌండాఫ్ కలిసి ఉంటుంది.

అయినా కొన్ని బిల్లులు జత కుదరక మిగులుతాయి. వెండర్ 11 దాటాక తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేస్తే బిల్లు వచ్చే నెల 2బీలోకి పోతుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లవి ఇంకా ఆలస్యం.

హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బ్రాంచీలున్న కంపెనీలకి మాత్రం ఇంకోటి తప్పక చూడాలి. సరుకు హైదరాబాద్‌లో దిగుతుంది, వెండర్ బిల్లుని 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీఐఎన్‌కి బదులు 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు మీద ఎక్కిస్తాడు. తెలంగాణలో దొరకని కీలన్నీ ఆంధ్ర 2బీలో వెతికితే బయటపడతాయి. పోర్టల్లో బిల్లుల్ని ఒప్పుకోడానికో తిరస్కరించడానికో ఉన్న పేజీ, అంటే ఆంధ్ర ఐఎంఎస్‌లో ఆ బిల్లుని రిజెక్ట్ చేసి 2బీని మళ్లీ కంప్యూట్ చేయాలి. వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. పన్ను రాష్ట్రాల మధ్య సరుకుకి వేసే ఐజీఎస్టీగా పడిందా, ఒకే రాష్ట్రంలోని సరుకుకి వేసే సీజీఎస్టీ-ఎస్‌జీఎస్టీగా పడిందా అన్నదీ చూడాలి.

ఏ ఖాతాలోనూ కనపడకుండా ఇరుక్కున్న క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టేసి తర్వాత పన్నులో సర్దుకోగలిగే సొమ్ము, అలా దొరికినప్పుడు కలిగే తృప్తి ఈ ఉద్యోగంలో ఇంకెక్కడా లేదు. అవి క్లయింటు నిజంగా కట్టిన డబ్బులు.

సాయంత్రం టైమ్‌షీట్ దగ్గర మాత్రం మనసు చివుక్కుమంటుంది. ‘రికన్సిలియేషన్’కి, అంటే రిజిస్టరునీ 2బీనీ పోల్చడానికి, కోడ్ ఉంది, రిజిస్టరు శుభ్రం చేయడానికి లేదు. ఫీజు ముందే ఖాయం కాబట్టి ఆ గంటల్ని రివ్యూలో కోసేస్తారు. అసలు క్రెడిట్ దొరికేది ఆ గంటల్లోనే. ఎంగేజ్‌మెంట్ లెటర్‌కే రిజిస్టరు ఫార్మాట్ జతచేసి, అలా రాకపోతే శుభ్రం చేసే గంటలకి విడిగా బిల్లు వేస్తామని రాయాలి. క్లయింట్లు ఒప్పుకుంటారు, అడగడానికి మొహమాటపడేది ఆఫీసులే.

రేపు వెండర్లకి మెయిళ్లు వెళ్లాలి. ఒక్కోదాంట్లో బిల్లు నంబరు, తేదీ, తప్పు పడిన జీఎస్టీఐఎన్, సరైనది. ‘దయచేసి సవరించగలరు’ అని మాత్రమే రాస్తే వెండర్ అకౌంటెంటు దాన్ని పక్కన పెట్టేస్తాడు.