లౌడ్‌నెస్ లిమిటర్‌లో దొరకదు

“అన్నా, మిక్స్ బాగానే వచ్చింది గానీ సినిమా పాట పక్కన పెట్టి వింటే నాది చప్పగా, చిన్నగా వినిపిస్తోంది, ఏ లిమిటర్ కొనమంటావు?” ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఏదీ కొనొద్దంటాను. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన లిమిటర్ (సౌండ్ హద్దు దాటకుండా ఆపుతూ పాట మొత్తాన్ని పెంచే టూల్) చాలు, అడ్డుపడుతున్నది మిక్స్‌లోనే, అంటే ట్రాకులన్నీ కలిపిన తీరులోనే ఎక్కడో ఉంటుంది.

డిజిటల్ ఆడియోలో పైహద్దు సున్నా డీబీ (డెసిబెల్, సౌండ్ స్థాయి కొలత), దాన్ని దాటితే సౌండ్ పగులుతుంది. ఆ హద్దుకి ముందుగా తగిలేది పీక్, అంటే సౌండ్ ఒక్క క్షణం పైకి ఎగిరిన కొస. మన చెవి మాత్రం పీక్‌ని పెద్దగా పట్టించుకోదు, సగటున ఎంత శక్తి వస్తోందో చూసి ఇది పెద్ద సౌండా చిన్న సౌండా అని తేల్చుకుంటుంది. డప్పు మీద పుల్ల పడిన క్షణం మీటర్ పైకి ఎగిరిపోతుంది, కానీ అది కొన్ని మిల్లీసెకన్ల పనే. ఆ కాస్త దెబ్బ కోసం పాట మొత్తాన్నీ కింద పెట్టుకుని కూర్చుంటున్నాం. మాస్టర్ (పాట మొత్తం మీద చేసే చివరి పని) దాకా ఆగకుండా డప్పు ట్రాక్ మీదే ఒక క్లిప్పర్ (ఆ కొసని కోసేసే టూల్) పెట్టి రెండు మూడు డీబీ కోసేయండి, చాలాసార్లు తేడా కూడా తెలియదు. గొంతుకి కూడా ఒకే కంప్రెసర్‌తో (పెద్ద సౌండ్‌ని నొక్కి సమం చేసే టూల్) పది డీబీ నొక్కే బదులు రెండు కంప్రెసర్లతో కొంచెం కొంచెం నొక్కితే పాడినట్టే ఉంటుంది.

ఇక బేస్. అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. మైక్ స్టాండ్ అదురు, కరెంటు హమ్ (మన దగ్గర 50 హెర్ట్జ్), నోరు మైక్‌కి దగ్గరగా పెట్టడం వల్ల పెరిగే గుమ్ము, ఇవన్నీ చిన్న స్పీకర్లలో మనకి వినపడవు గానీ ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు హెడ్‌రూమ్‌ని (పైహద్దు దాకా మిగిలిన ఖాళీని) ఆపేస్తాయి. గొంతు, హార్మోనియం, అకౌస్టిక్ గిటార్ ట్రాకుల్లో 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. బేస్ గిటార్‌కి మాత్రం ఇంకో చిక్కుంది. దాని కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. అక్కడ వాల్యూమ్ పెంచితే హెడ్‌రూమ్ పోవడం తప్ప ఫలితం ఉండదు, కొంచెం శాచురేషన్ (సౌండ్‌ని కాస్త పగలనిచ్చే ఎఫెక్ట్) వేస్తే పై హార్మోనిక్స్ (అదే స్వరానికి రెండింతలు, మూడింతలు ఉండే ఫ్రీక్వెన్సీలు) పుట్టి ఫోన్‌లో కూడా బేస్ ఉన్నట్టే తోస్తుంది.

మన చెవికి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చురుకెక్కువ. అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీని గ్రాఫులు గీసి చూపించారు. 300 హెర్ట్జ్ చుట్టుపక్కల పేరుకున్న బురదని తగ్గించి, గొంతుకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త చోటిస్తే మీటర్ అంతే చూపిస్తున్నా పాట ముందుకొచ్చినట్టు ఉంటుంది. ఎక్కువైతే చెవి నొప్పి, అది వేరే సంగతి.

అప్పుడు లిమిటర్. హద్దు మైనస్ 1 డీబీ ట్రూ పీక్ (డిజిటల్ శాంపిల్స్ మధ్యలో ఎగిరేదాన్ని కూడా లెక్కేసే పీక్) దగ్గర పెట్టండి, ఎంపీ3గా మారేటప్పుడు పీకులు కాస్త పెరుగుతాయి కాబట్టి. ఇంకోటి, లిమిటర్‌తో 6 డీబీ పెంచితే మీ సీలింగ్ ఫ్యాన్ హోరు కూడా 6 డీబీ పెరుగుతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడమనడం అన్యాయమే గానీ వేరే దారి లేదు.

మైనస్ 14 లఫ్స్ (పాట సగటున ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) సంగతి కూడా అందరూ అడుగుతారు. స్పాటిఫై, యూట్యూబ్ ఆ స్థాయికి లెక్క కడతాయి, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కి. సరిగ్గా 14కే మాస్టర్ చేయాలని రూలేమీ లేదు, ఎక్కువ ఉంటే వాళ్ళే తగ్గిస్తారు. డప్పుతో ఉన్న జానపదమైతే నేను మైనస్ 9, 10 దాకా వెళ్తాను. లిమిటర్ వేసిన వెర్షన్, వేయనిది రెండూ ఒకే వాల్యూమ్‌కి తెచ్చి వినండి, దెబ్బలో పస తగ్గిందనిపిస్తే వెనక్కి రండి. వాల్యూమ్ సమం చేయకుండా పోల్చకండి, పెద్దగా మోగేదే ప్రతిసారీ బాగుందనిపిస్తుంది.

గొంతు, వీణ, తంబూర మాత్రమే ఉన్న పాటని మైనస్ 14కి లాగడానికి తిప్పలు పడక్కర్లేదు. కాకపోతే యూట్యూబ్ చిన్న సౌండ్‌ని పెంచదు. స్పాటిఫై పెంచుతుంది గానీ పీక్‌కి 1 డీబీ ఖాళీ ఉంచి అక్కడితో ఆగుతుంది. అంటే పాట మైనస్ 20లో ఉండి, పీక్ మైనస్ 5 దగ్గర ఉంటే 4 డీబీ మాత్రమే పైకొస్తుంది. ఆ పీక్ ఎక్కడో ఒక్క మీటు గట్టిగా పడ్డచోట ఉంటుంది, వేవ్‌ఫామ్‌లో వెతికి ఆ ఒక్క చోట చేత్తో గెయిన్ తగ్గించేయండి.