హొస్షిన్మోన్ నుంచి ఓయునోహర దాకా: కుమానో అడవిలో ఒక రోజు నడక

జపాన్‌లోని కుమానో వెళ్ళేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఒకటే: కొండ మీద హోంగూ గుడి చూసేసి బస్సెక్కకండి. అసలు క్షేత్రం ఓయునోహర, అది గుడి కింద, ఏటి ఒడ్డున ఉంది. అక్కడికి నడిచి చేరాలి, అదీ దారిలో ఏ మజిలీ దేనికోసం పెట్టారో తెలిసి నడవాలి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు కూడా ఒక్క రోజులో తొందర లేకుండా పూర్తి చేసుకోవచ్చు.

జపాన్‌లో ఒసాకాకి దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కీ ద్వీపకల్పంలో చాలా భాగం కొండలూ అడవులే. అక్కడి కుమానో ప్రాంతంలో హోంగూ, హయతమ, నాచి అని మూడు మహాక్షేత్రాలు. క్యోతో నుంచి చక్రవర్తులు, సింహాసనం విడిచిన చక్రవర్తులు పరివారంతో నడిచి వచ్చేవారు. గొ-షిరకవ ముప్పైసార్లకు పైగా వచ్చాడు. గొ-తొబ 1201లో వచ్చినప్పుడు వెంట నడిచిన కవి ఫుజివర నొ తెయిక రాసుకున్న దినచర్య ఇప్పటికీ ఉంది. ఆ తర్వాతి కాలంలో సామాన్యులు ఎంతమంది కదిలారంటే, ఆ జనాన్ని చీమల బారు అనేవారు. 2004లో ఈ దారులు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

దారుల్లో ముఖ్యమైనది నాకహెచి. తకిజిరి నుంచి హోంగూకి 38 కి.మీ., రెండు రోజుల నడక. ఒక్క రోజే ఉన్నవాళ్ళు చివరి 7 కి.మీ. నడిస్తే చాలు: హొస్షిన్మోన్ నుంచి హోంగూ దాకా. ఆగకుండా నడిస్తే రెండున్నర గంటలు. కానీ ఆగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, నాలుగు గంటలు పెట్టుకోండి. ఎక్కువ భాగం దిగుడే కాబట్టి కొండ నడక అలవాటు లేనివాళ్ళకీ పర్వాలేదు.

ముందురోజు సాయంత్రానికే వేడినీటి ఊటల ఊరు యునోమినేలో గానీ హోంగూలో గానీ దిగాలి. షిన్-ఒసాకా నుంచి కురొషియో ఎక్స్‌ప్రెస్‌లో కీ-తనబేకి రెండు గంటల పైన, అక్కడినుంచి కొండ దారిలో బస్సు ఇంకో రెండు గంటలు. ఒసాకాలో పొద్దున్నే బయల్దేరి అదే రోజు నడుద్దామనుకుంటే కుదరదు. హొస్షిన్మోన్‌కి పోయే బస్సులు రోజుకి కొన్నే. ఒకటి తప్పితే పూట పోతుంది. సీజన్‌ని బట్టి వేళలు మారతాయి కాబట్టి రాత్రే బస చేసినచోట అడిగి రాసుకోండి.

పల్లె బస్సుల పద్ధతి తెలియక చాలామంది తికమకపడతారు. ఎక్కగానే తలుపు దగ్గరి మిషన్ నుంచి నంబరు చీటీ తీసుకోవాలి. డ్రైవర్ తల పైన ఉండే బోర్డులో ఆ నంబరు కింద చార్జీ పెరుగుతూ కనిపిస్తుంది. దిగేటప్పుడు చీటీ, సరిపడా చిల్లర కలిపి డ్రైవర్ పక్కనున్న పెట్టెలో వేయాలి. అదే పెట్టెలో 1,000 యెన్ నోటుకి చిల్లర వస్తుంది. 10,000 యెన్ నోటు పట్టుకుని కొండెక్కితే బస్సులోనే కాదు, దారిలో టీ కొట్టులోనూ ఇబ్బందే. నాణేలు ముందే మార్చి పెట్టుకోండి, హుండీలో వేయడానికీ కావాలి.

తిండి విషయం శాకాహారులు ముందే చూసుకోవాలి. జపాన్‌లో పులుసు, సాస్, ఉడికించిన కూర, దాదాపు అన్నిట్లో ఎండు చేప నుంచి తీసిన దాషీ ఉంటుంది. పైకి కూరగాయ ముక్కలే కనిపిస్తాయి, చేప రసంలో ఉంటుంది. 'మాంసం లేదా?' అని అడిగితే లేదనే అంటారు, వాళ్ళ లెక్కలో అది నిజమే. 'దాషీ లేదా?' అని అడగాలి. ఈ ప్రాంతపు నడక భోజనం మెహరి-జుషి: అన్నం ముద్దని ఊరబెట్టిన ఆవజాతి ఆకులో చుట్టి ఇస్తారు. మోయడానికి తేలిక, తొందరగా పాడవదు, కానీ లోపల ఏం కలిపారో దాన్ని గురించీ అడగండి. ఉమే అనే పుల్లటి పండ్ల పంటలో జపాన్‌లో ఈ వకయామా ప్రాంతానిదే మొదటి స్థానం. ఇక్కడి ఉప్పులో ఊరబెట్టిన ఉమే మన ఊరగాయ నాలుకకి బాగా నచ్చుతుంది, చెమట పట్టే నడకలో ఒంటికీ మంచిది. ఇంటినుంచి అటుకులు, పొడులు, పచ్చళ్ళు తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు, పండ్లు మాత్రం తేవద్దు, మొక్కల క్వారంటైన్ దగ్గర ఆపేస్తారు.

బస్సు దిగిన చోటే హొస్షిన్మోన్ ఓజి. దారి పొడవునా దేవుడి పరివార దేవతలకి కట్టిన చిన్న గుళ్ళే ఓజిలు. యాత్రికులు ఒక్కోచోట ఆగి మొక్కి, విశ్రాంతి తీసుకుని కదిలేవారు. వాటిలో పెద్దవిగా ఎంచిన ఐదింటిలో హొస్షిన్మోన్ ఒకటి. ఇది దాటితే హోంగూ క్షేత్రం లోపల అడుగుపెట్టినట్టే లెక్క. కాబట్టి తోరీ, అంటే ఆ చెక్క ద్వారం, ముందు ఆగి తల వంచి, పక్కగా లోపలికి నడవండి. నడిమధ్య దారి దేవుడిది. ఆవరణలో చెప్పులు విప్పనక్కర్లేదు. మనవాళ్ళకి ఇది కాళ్ళు కట్టేసినట్టుగా ఉంటుంది గానీ, అక్కడి ఆచారం అది.

శుద్ధి పద్ధతి ఇక్కడే నేర్చుకుంటే రోజంతా పనికొస్తుంది. గరిటె కుడిచేత్తో పట్టి నీళ్ళు ముంచి ఎడమ చెయ్యి కడగాలి. చెయ్యి మార్చి కుడి చెయ్యి కడగాలి. మళ్ళీ కుడిచేతికి మార్చి, ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటె మూతికి ఆనించకూడదు, తొట్టిలో ఉమ్మకూడదు. మరోసారి ఎడమ చెయ్యి కడిగి, గరిటె నిలబెడితే మిగిలిన నీళ్ళు కాడ మీదుగా జారి తర్వాతివాళ్ళ కోసం దాన్నీ కడిగేస్తాయి. మొత్తం ఒక్క గరిటె నీళ్ళతో అయిపోవాలి, కాబట్టి మొదటి చేతికే అంతా ఒంపేయకండి. దేవుడి ముందు రెండుసార్లు నడుము వంచి నమస్కారం, రెండు చప్పట్లు, మనసులో మొక్కు, చివర ఒక నమస్కారం.

ప్రతి ఓజి దగ్గరా పిట్టగూడు లాంటి చిన్న చెక్కపెట్టెలో ముద్ర ఉంటుంది. యాత్రా పుస్తకం ముందురోజే పర్యాటక కేంద్రంలో తీసుకుని ఉంచుకుంటే మీరే వేసుకోవచ్చు. వానలో కాగితం తడిస్తే సిరా పాకుతుంది. జిప్ కవర్‌లో పెట్టుకోండి.

మొదటి రెండు కిలోమీటర్ల లోపు దారి ఊరి మధ్య నుంచి తారు రోడ్డు మీదే పోతుంది. పాత బడి పక్కన మిజునోమి ఓజి. ఇక్కడినుంచి మట్టిబాట మొదలై చెట్లలోకి దిగుతుంది. దారి తప్పే భయం పెద్దగా అక్కర్లేదు: 500 మీటర్లకొక నంబరు స్తంభం ఉంటుంది, తప్పు దారి చీలినచోట 'ఇది కుమానో కొదో (కుమానో పాత దారి) కాదు' అని పలక కూడా పెట్టారు. ఒంటరిగా నడిచేవాళ్ళు దాటిన ప్రతి స్తంభం నంబరు గుర్తుపెట్టుకోండి. కాలు బెణికి అంబులెన్సుకి 119 కొడితే, ఎక్కడున్నారో చెప్పడానికి అంతకన్నా మంచి ఆనవాలు లేదు.

జారిపడటం ఇక్కడ ఎక్కువగా దిగుడులోనే. కీ ద్వీపకల్పం జపాన్‌లో బాగా వానలు కురిసే చోట్లలో ఒకటి. నాచు పట్టిన రాతి మెట్లు, తడిసిన వేళ్ళు గాజులా ఉంటాయి. చిన్న అడుగులు వేయండి, పాదం మొత్తం ఆనించండి, వేరు మీద కాకుండా వేర్ల మధ్య మట్టిలో కాలు పెట్టండి. నగరంలో తిరిగే సన్న అడుగు బూట్లు పనికిరావు. చేతికర్రలుంటే కొనకి రబ్బరు తొడుగు వేయండి, లేకపోతే దారి మట్టిని తవ్వేస్తాయి. జూన్‌లో వర్షాలు, సెప్టెంబరులో తుఫాన్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సుగి చెట్ల పుప్పొడి. తుమ్ములూ కళ్ళ మంటలూ ఉన్నవాళ్ళు మాస్కు, మందు లేకుండా రావద్దు. నాకైతే నవంబరు నచ్చుతుంది, కాకపోతే అప్పుడు అడవిలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి కమ్ముతుంది.

ఈ అడవి గురించి ఒక మాట సూటిగా చెప్పాలి. నిటారుగా వరసలు తీరిన సుగి, హినొకి చెట్లను చూసి ఆదిమ అరణ్యం అనుకుంటారు. చాలావరకు అది కలప కోసం మనుషులు నాటిన తోట. పాత అడవి ఆకురాలని వెడల్పాకు చెట్లది, అది ఎక్కువగా గుళ్ళ చుట్టూ తోపులుగా మిగిలింది. 1906లో ప్రభుత్వం చిన్న గుళ్ళని పెద్ద గుళ్ళలో కలిపేయమని ఉత్తర్వులివ్వడంతో ఈ దారిలో చాలా ఓజిలు మూతపడ్డాయి, వాటి తోపులు కలపకి పోయాయి. తనబేలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త మినకత కుమగుసు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడాడు, 1910లో జైలుకీ వెళ్ళాడు. తోపు పోతే నాచులు, శిలీంధ్రాలు, పిట్టలే కాదు, ఊరివాళ్ళ భక్తి కూడా పోతుందని ఆయన వాదన. ఎక్కడైనా ఒక ఓజి పక్కన లావుపాటి ముసలి చెట్టు కనిపిస్తే దానికి కూడా తల వంచండి. అది మిగిలి ఉండటమే గొప్ప.

తేయాకు మళ్ళు కనిపించాయంటే ఫుషిఓగామి వచ్చినట్టు. కొండల మధ్య నుంచి దూరంగా క్షేత్రం మొదటిసారి కనపడేది ఇక్కడే. రోజుల తరబడి నడిచి వచ్చినవాళ్ళు ఇక్కడ నేల మీద సాగిలపడేవారు. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు కథ కూడా ఈ చోటిదే. ఇంత దూరం వచ్చాక ఆమెకి నెలసరి వచ్చింది. గుడికి పోలేనని బాధపడుతూ పద్యం చెప్పుకుంటే, ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనిపించి, అది తనకు అడ్డు కాదు, రమ్మన్నాడట. ఆడవాళ్ళని, రోగులని, ఏ వర్గం వాళ్ళనైనా రానిచ్చిన క్షేత్రంగా కుమానోకి ఉన్న పేరు ఈ కథతో ముడిపడి ఉంది. చాలా పుణ్యపర్వతాలు ఆడవాళ్ళకి మూసి ఉన్న కాలమది. నేను కుమానోని ఇష్టపడటానికి ఇదే పెద్ద కారణం.

ఇంకాస్త ముందుకి వెళితే బౌద్ధ క్షేత్రం కోయసాన్ నుంచి 70 కి.మీ. కొండలు దాటి వచ్చే కొహెచి దారి కలుస్తుంది. ఆ తర్వాత ఎడంగా చిన్న చీలిక దారి. పది నిమిషాలు ఎక్కువైనా అటే వెళ్ళండి, పొలాల మధ్య ఓయునోహర మహాతోరీ కింద పరచుకుని కనిపిస్తుంది. ఊరి చివర హరాయిదో ఓజి, గుడికి ముందు ఆఖరి శుద్ధి స్థానం. చెట్టు కింద చిన్న రాతి గూడే కావడంతో చాలామంది చూడకుండానే దాటిపోతారు.

హోంగూకి ఇటునుంచి వెనక వైపుగా చేరతాం. పైకప్పులు హినొకి బెరడువి. మొక్కే వరస ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో కాదు: మొదట ముఖ్య దేవుడు కెత్సుమిమికో ఉన్న మూడో మందిరం, తర్వాత రెండు, ఒకటి, నాలుగు. ఈ దేవుడినే అమితాభ బుద్ధుడని, హయతమ దేవుడిని భైషజ్యగురువని, నాచి అమ్మవారిని సహస్రభుజ అవలోకితేశ్వరుడని శతాబ్దాలపాటు కొలిచారు. 1868లో ప్రభుత్వం షింతోని, బౌద్ధాన్ని విడదీసింది గానీ, దారిలో రాతి బుద్ధుళ్ళు, బోధిసత్వులు ఇంకా నిలిచే ఉన్నారు. ఆవరణలో నల్లటి తపాలాపెట్టె ఉంది, పైన మూడుకాళ్ళ కాకి యతగరసు. దగ్గరలోనే తరయో చెట్టు. దాని ఆకు వెనక పుల్లతో గీస్తే కాసేపటికి గీత నల్లబడుతుంది, తాటాకు మీద ఘంటంతో రాసినట్టు. కాకుల ఆకారాలతో అక్షరాలు కూర్చిన రక్షరేకు కూడా ఇక్కడ ఇస్తారు. వెనకటికి సామంతులు దాని వెనక ప్రమాణాలు రాసేవారు. మాట తప్పితే రక్తం కక్కుకుంటారని నమ్మకం.

158 మెట్లు దిగితే రోడ్డు. ఇక్కడే బస్సు స్టాపు, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రోడ్డు దాటి పది నిమిషాలు నడవండి. 33.9 మీటర్ల ఎత్తు, 42 మీటర్ల వెడల్పు ఉన్న ఉక్కు తోరీ 2000లో నిలబెట్టింది, జపాన్‌లో అన్నిటికన్నా పెద్దది. దాని వెనక తోపులో ఉన్న ఇసుక మేట ఓయునోహర. 1889 దాకా హోంగూ గుడి ఇక్కడే ఉండేది, మూడు ఏర్లు కలిసే చోట. వంతెన ఉండేది కాదు. యాత్రికులు తడిబట్టలతో ఏరు దాటి గుడికి చేరేవారు, అదే శుద్ధి. ఆ ఏడాది ఆగస్టు వరదలో మందిరాలు చాలా కొట్టుకుపోయాయి. ఎగువన అడవులు నరికేయడం ఒక కారణమంటారు. అదే వరదకి నాశనమైన తొత్సుకవ ఊరి జనం వేలమంది దూరాన హొక్కైదోకి వలసపోయి కొత్త తొత్సుకవ కట్టుకున్నారు. మిగిలిన మందిరాలని 1891లో కొండ మీదికి చేర్చారు. పైకి రాని దేవతలకి ఇక్కడ రెండు రాతి గూళ్ళు. ఇక్కడ కనీసం అరగంట కూర్చోండి. పొద్దుటి నుంచి దాటిన ఓజిలన్నీ యాత్రికులని సిద్ధం చేసింది ఈ చోటుకే.

ఒంట్లో ఓపిక, బయట కనీసం మూడు గంటల వెలుతురు మిగిలి ఉంటే, ఓయునోహర దగ్గరి నుంచి దైనిచి-గొయె అనే దారి కొండ దాటి యునోమినేకి పోతుంది. దూరం తక్కువే గానీ ఎక్కుడు నిటారు, దిగుడు కూడా అంతే. గంటన్నర నుంచి రెండు గంటలు. వాన పడుతుంటే వద్దు, బస్సెక్కండి. యునోమినేలో ఏటి మధ్యన చెక్క గుడిసెలో ఉన్న త్సుబొయు అనే వేడినీటి స్నానపు గుంట కూడా ప్రపంచ వారసత్వంలో భాగమే. టికెట్టు తీసుకుని వరసలో ఆగాలి, ఒక్కో వంతుకి 30 నిమిషాలు. లోపల మీరొక్కరే కాబట్టి, బట్టలు లేకుండా అందరితో కలిసి స్నానానికి మొహమాటపడేవాళ్ళకి ఇదే అనువు. ముందు బయట నీళ్ళు పోసుకుని ఒళ్ళు శుభ్రం చేసుకోవాలి. నీళ్ళు చాలా వేడిగా ఉంటాయి, చన్నీళ్ళు కలుపుకోవచ్చు. తల తిరిగితే వెంటనే లేవండి. పక్కనే సుమారు 90 డిగ్రీల ఊట తొట్టి, యుజుత్సు. దుకాణంలో గుడ్లు, చిలగడదుంపలు వలసంచిలో కట్టి అమ్ముతారు. తాడు కొక్కేనికి తగిలించి నీళ్ళలో వదిలితే గుడ్లు పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుతాయి, దుంపకి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది.

మర్నాడు ఖాళీ ఉంటే బస్సులో షింగూ వెళ్ళి హయతమ, అక్కడినుంచి 133 మీటర్ల జలపాతం పక్కనున్న నాచి చూడండి. నాచిలో గుడిని ఆనుకుని ఉన్న సెయిగాంతో-జి బౌద్ధాలయాన్ని భారతదేశం నుంచి సముద్రంలో కొట్టుకువచ్చిన రగ్యో అనే సాధువు స్థాపించాడని స్థలపురాణం. ఈ 7 కి.మీ. నడకతో పాటు ఆ రెండు గుళ్ళ దర్శనం, మూడుచోట్లా ముద్రలు ఉంటే కుమానో యాత్ర పూర్తయినట్టు గుర్తిస్తారు. స్పెయిన్‌లోని సాంతియాగో యాత్ర కూడా చేసినవాళ్ళు తనబే పర్యాటక కేంద్రంలో గానీ హోంగూ ఎదుటి హెరిటేజ్ సెంటర్‌లో గానీ రెండు యాత్రల పత్రాలూ చూపిస్తే జంట యాత్రికులుగా నమోదు చేసుకుంటారు.