షిర్డీ వెళ్లి జోంగా చూసొచ్చాం

షిర్డీ మా ఇంట్లో ఏడాదికోసారి ఉండేదే. తాడేపల్లిగూడెంలో కాకినాడ బండి ఎక్కడం, బోగీ అంతా పులిహోర వాసన, దిగగానే ఆటోవాడితో తగువు. అవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. ఈసారి నాన్న కూడా వచ్చారు. వస్తూ వస్తూ ఒక మెలిక పెట్టారు: అహ్మద్‌నగర్ ట్యాంకుల మ్యూజియం చూపిస్తేనే వస్తానని.

నాన్నది మిలటరీ మాధవరం పక్క ఊరు. 1972లో ఈఎంఈలో, అంటే ఆర్మీ బళ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో చేరి, సికింద్రాబాద్ సెంటర్లో ట్రైనింగయ్యి, ఇరవై నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి హవల్దారుగా దిగిపోయారు. దేవుడి మీద కోపమేమీ లేదు గానీ, క్యూ అంటే పడదు. 'సర్వీసంతా లైన్లోనే నిలబడ్డాను, ఇంక నావల్ల కాదు' అంటారు.

అమ్మనీ, మా ఆవిణ్ణీ దర్శనం క్యూలో పెట్టి మేమిద్దరం ఎర్ర బస్సెక్కాం. బోర్డు మీద అహిల్యానగర్ అని కొత్త పేరు, కండక్టరు నోట్లో మాత్రం ఉత్త 'నగర్, నగర్'. ఎనభై కిలోమీటర్ల చిల్లరకి మూడు గంటలు పట్టింది. ఆ గోతులకి నా నడుము నాది కాకుండా పోయింది. దానికి తోడు చెరుకు సీజను. ట్రాక్టరుకి రెండేసి ట్రక్కులు తగిలించుకుని రోడ్డు మధ్యలో పాకుతుంటాయి, దాటడానికి వీల్లేదు. రాహురి దగ్గర ఆగితే రెండు వడాపావులకి వాడడిగిన డబ్బుతో గూడెంలో ఇద్దరం కడుపునిండా టిఫిను చేస్తాం.

చెరుకు చూడగానే నాన్నకి అసల్ ఉత్తర్ గుర్తొచ్చింది. 1965 సెప్టెంబరు, పంజాబ్ ఖేమ్‌కరణ్ దగ్గర. మనవాళ్లు కాలవ గట్లు తెంపి చెరుకు పొలాల్లోకి నీళ్లు వదిలారు. పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ఆ బురదలో దిగబడిపోయాయి. అక్కడ కొట్టినవీ, పట్టుకున్నవీ కలిపి తొంభైకి పైనే. అప్పటికి నాన్నకి పన్నెండేళ్లు, ట్రైనింగులో పాత ఉస్తాదులు చెప్పగా విన్నదే. కానీ చెప్పడం మాత్రం అక్కడే ఉన్నట్టు చెప్తారు. "దమ్ము చేసిన చేలోకి కేజ్ వీల్స్ లేకుండా ట్రాక్టరు దింపితే ఏమవుద్ది? అదేరా. నలభై అయిదు టన్నులు!" ముందు సీట్లో మరాఠీ పెద్దాయన అర్థం కాకపోయినా తలూపాడు.

మ్యూజియం గురించి ఎక్కువ రాయను, వెళ్లి చూడాల్సిందే. 1994లో ఆర్మర్డ్ కోర్ (ట్యాంకుల దళం) సెంటర్ వాళ్లు పెట్టారు. రోల్స్ రాయిస్ కారుకి ఉక్కు రేకు తొడిగిన పాతకాలపు సాయుధ కారు దగ్గర నేనాగిపోయాను. సెంచూరియన్, షెర్మన్, మన ఆవడిలో తయారైన విజయంత, పట్టుకొచ్చిన ప్యాటన్, అన్నీ చెట్ల కింద వరసగా ఉన్నాయి. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, ఆడపెళ్లివారింటికి వచ్చిన దూరపు చుట్టంలా నడిచారు. ఏమిటని అడిగితే, "ఇవి ఏ వెహికల్స్. మేం బి వెహికల్ వాళ్లం" అన్నారు. ట్యాంకులు ఏ, లారీలూ జీపులూ బి. "వాళ్లు మగపెళ్లివారు, మేం వంటవాళ్లం. వంటవాళ్లు లేకపోతే పెళ్లెలా అవుద్దో ఎవడికీ పట్టదు."

బయటికొచ్చాక ఆటోవాడు బస్టాండుకి రెండొందలన్నాడు. నాన్న పళ్లు నూరి నడక మొదలెట్టారు. పావుగంట నడిచామో లేదో, ఒక రేకుల షెడ్డులోంచి ఇంజను చప్పుడు వినబడింది. గుడగుడమంటూ మధ్యలో ఫట్‌మని దగ్గుతోంది. నాన్న ఆగిపోయారు. "ఆరు సిలిండర్లు. రెండు కొట్టట్లేదు."

లోపల జోంగా! నిస్సాన్ లైసెన్సుతో 1969 నుంచి జబల్‌పూర్‌లో చేసిన మిలటరీ జీపు. దాని పేరులోని 'జ' ఆ ఊరిదే. ఎవరో పుణె ఆసామి దాన్ని బాగుచేయిస్తున్నాడట. అడుగు రేకు తుప్పు తినేస్తే కోసేసి కొత్తది వెల్డింగ్ చేశారు, సీట్లింకా పడలేదు. ఉస్తాద్ ఊళ్లో లేడు, ఇరవై ఏళ్ల కుర్రాడొక్కడే ఉన్నాడు. పొద్దున్నే కొత్త ప్లగ్గు వైర్లు వేశాడట, అప్పట్నుంచీ ఇదే దగ్గు. మిలటరీ ఆకుపచ్చ మామూలు జనం వేసుకోకూడదు కాబట్టి బూడిద రంగు కొట్టడానికి బంపరు గీకుతున్నాడు. గీకినచోట ఒక బాణం గుర్తు, దాని పక్కన 78. మిలటరీ నంబరంతే, బాణం తర్వాత బండి తీసుకున్న సంవత్సరం. నాన్న దాన్ని బొటనవేలితో తుడిచి, చొక్కా విప్పి మేకుకి తగిలించారు. బనీనుతో బోనెట్లోకి వంగిన మనిషిని ఇంక బస్టాండుకి తీసుకెళ్లేది ఎవరు?

చెక్క పిడి స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గునీ ఇంజనుకి ఆనించి షార్టు చేశారు. మిగతావాటికి చప్పుడు పడిపోతోంది, మూడుకీ అయిదుకీ ఏ తేడా లేదు. ఆ రెండూ చచ్చాయన్నమాట. ప్లగ్గులు విప్పితే పెట్రోలుతో తడి. తుడిచారు, కాల్చారు, పక్కవాటితో మార్చారు. గంట గడిచింది. అంతసేపూ నాకు దొరికింది రెండు వేళ్లంత గ్లాసులో చాయ్. చివరికి తీర్పు చెప్పారు: "వాల్వులు కాలిపోయాయి, హెడ్డు దించాలి." కుర్రాడి మొహం వాడిపోయింది.

నాకు మెకానిజం ఓనమాలు రావు. కానీ ఎక్కాలకంటే ముందు ఇంట్లో ఒకటి నేర్పారు: ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. ఆరు సిలిండర్లు వెలిగే వరస. ఒళ్లో కూర్చోబెట్టుకుని వేళ్లు మడిచి చెప్పించేవారు. ఊసుపోక, ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాపు మీద వేలు పెట్టి, రోటరు తిరిగే దిక్కున వైర్ల వెంట పోయాను. ఒకటి, మూడు, అయిదు... "అయిదు ముందు కదా నాన్నా?"

కుర్రాడు నా చేతికి అడ్డం దూరిపోయి రెండు వైర్లూ పీకి అటుదిటు పెట్టాడు. సెల్ఫ్ కొడితే దగ్గు లేదు, ఒకటే ధార. కొత్త వైర్లే కదా అని నాన్న వాటి జోలికే పోలేదు. ఏమీ అనకుండా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. కుర్రాడు డబ్బులు ఇవ్వబోతే, "లీటరుకి నాలుగైదు కిలోమీటర్లిస్తుంది, ఆ పెట్రోలుకి దాచుకో" అని హిందీలో కసిరారు.

కోట చూడాలనుకున్నాం. 1942లో నెహ్రూతో పాటు మా గుండుగొలనులో పుట్టిన పట్టాభి సీతారామయ్యనీ అక్కడే బంధించారు. చీకటి పడిపోయింది, అది ఎగిరిపోయింది. తిరుగు బస్సులో సగం దారి వరకూ నాన్న కిటికీలోకే చూశారు. కోల్హార్ దాటాక, "నీకు గుర్తుందో లేదోనని చూశాన్రా" అన్నారు.

"ఆయ్" అన్నాను.

గదికి చేరేసరికి హారతి కూడా అయిపోయింది. అమ్మ తిట్లు సగంలో ఆపి నాన్న గోళ్ల వంక చూసింది. ప్రసాదం లడ్డూ చేతికివ్వలేదు, తుంచి నోట్లో పెట్టింది.