వెంట్రుకవాసి సందు

ఆ గ్రాఫ్ చూసిన రోజు ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను. బాగా వేడెక్కినా మైక్రోవేవ్‌ను పీల్చుకోవాలని, సిలికాన్ నైట్రైడ్ అనే సిరామిక్‌లో సిలికాన్ కార్బైడ్ పొడి కలిపి కాల్చిన ముక్క అది. గది వేడిమిలో దాని పర్మిటివిటీ, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, 9. 600 డిగ్రీలకు తీసుకెళ్లినా 9 దగ్గరే కూర్చుంది.

అసలైతే అది కూర్చోకూడదు. సిలికాన్ కార్బైడ్ సెమీకండక్టర్, వేడెక్కేకొద్దీ దానిలో కరెంటు మోసేవాళ్లు పెరుగుతారు. పెరిగితే మంచిదేగా, మైక్రోవేవ్‌ను ఇంకా బాగా పీల్చుకుంటుంది కదా అంటారు కొందరు. ఒక హద్దు దాటాక అల లోపలికే రాదు, గుమ్మంలోంచే వెనక్కి పోతుంది. పోనీ కార్బన్ వాడదామంటే ఆ వేడికి గాలిలో కాలిపోతుంది. ఇనుముకు 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణమే పోతుంది. అందుకే మళ్లీ మళ్లీ సిలికాన్ కార్బైడ్ గుమ్మం తొక్కుతాం.

రెండు రోజులకు అనుమానం వచ్చింది. కొలవడానికి ముక్కను దూర్చింది స్టెయిన్‌లెస్ స్టీలు వేవ్‌గైడ్‌లోకి, అంటే మైక్రోవేవ్‌ను నడిపించే లోహపు గొట్టంలోకి. లోపలి కొలత 22.86 మి.మీ. వెడల్పు, 10.16 మి.మీ. ఎత్తు. వేలితో నెడితే బిగువుగా జారేంత వరకు ముక్కను ఓపిగ్గా అరగదీశాను. కానీ స్టీలు వ్యాకోచించినంతగా సిరామిక్ వ్యాకోచించదు. లెక్కేస్తే 600 డిగ్రీల దగ్గర ముక్క పైన దాదాపు 0.08 మి.మీ. సందు, అచ్చంగా ఒక వెంట్రుక మందం. విద్యుత్ క్షేత్రం నిలబడేది సరిగ్గా ఆ ఎత్తు దిశలోనే. సందును కలిపి మళ్లీ లెక్కిస్తే 9 కాస్తా 9.6 అయింది. నష్ట భాగాన్నైతే, అంటే అలను పీల్చుకునే గుణాన్నైతే, ఆ సందు ఇంకా ఎక్కువగా దాచేసింది.

0.6 తేడా ఏపాటిది అనిపించొచ్చు. 2.5 మి.మీ. పలకకు వెనక లోహం పెడితే, పర్మిటివిటీ 9 అయినప్పుడు 10 గిగాహెర్ట్జ్ దగ్గర మందం కుదురుతుంది, అంటే వెనక్కి వచ్చే అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. 9.6 అయితే ఆ కుదురు 9.7 గిగాహెర్ట్జ్‌కు జారుతుంది. మేం వెళ్లాల్సిందేమో 1000 డిగ్రీలకు.

ఇప్పుడు లెక్క వేడి వైపు నుంచి మొదలుపెడుతున్నాను. కార్బైడ్ పాలు తగ్గించాను, మందం కాలుతున్న ముక్కకు సరిపోయేలా పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే మైనస్ 6 డెసిబెల్స్, అంటే నాలుగో వంతు శక్తి వెనక్కే వస్తోంది. మొన్న పక్క బల్ల అతను చూసి, "ఇది ఫెయిలేగా?" అన్నాడు. కొలిమి వేడెక్కడానికి ఇంకా రెండు గంటలుంది, కూర్చోమన్నాను.