వాన నీళ్ళు, నాన్నగారి అంబాసిడర్

పిఠాపురం పాదగయలో దర్శనం చేయించి అమ్మని కాకినాడ తీసుకొస్తున్నాను. చిత్రాడ దగ్గర వాన అందుకుంది. అక్టోబరులో సముద్రం మీంచి ఏటవాలుగా వచ్చే వాన అది, అద్దం మీద గులకరాళ్ళు విసిరినట్టు పడుతుంది. పది నిమిషాలు బండి బాగానే నడిచింది. తర్వాత ఒక కుదుపు, వెంటనే ఇంకోటి. మిస్సింగ్ మొదలైంది. నాలుగు సిలిండర్లలో మూడే పలుకుతున్నాయని చెవికి తెలుస్తూనే ఉంది. తిమ్మాపురం చేరేలోపు ఇంకొకటి కూడా మూగబోయి ఇంజన్ ఆగిపోయింది. అమ్మ ప్రసాదం పొట్లం ఒళ్ళో పెట్టుకుని, "మీ నాన్న ఉంటే శబ్దం వినే చెప్పేవారు" అంది.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆ బండిలోకి చుక్క నీరు రాకుండా చేశానని ఆ వారమే అమ్మకి చెప్పాను.

బండి 1977 నాటి మార్క్ 3 అంబాసిడర్. ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు తయారుచేసింది, 1489 సీసీ పెట్రోలు ఇంజన్. మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అక్కడ మామూలు ముసురు వాన కోసం గీసిన బండి, మన తీరంలో తుఫానులు చూసింది. నాన్నగారు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక మూడేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. తర్వాత నేను టింకరింగ్ చేయించి, రంగు వేయించి, వైరింగ్ మొత్తం మార్పించాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పనిముట్లు పట్టుకోవడం నాన్నగారే నేర్పారు.

రంగు వేయించాక ఒకటే పట్టుదల: కొత్త రంగు మీద, కొత్త వైర్ల మీద నీళ్ళు పడకూడదు. బానెట్ కింద నాలుగు వైపులా మందపాటి స్పాంజి బీడింగ్ అంటించాను. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ, ఫైర్‌వాల్ మీద కనిపించిన ప్రతి సందులో సిలికాన్ పూశాను. గ్రిల్ వెనక సగం మేర ప్లాస్టిక్ షీటు కట్టాను. బకెట్టుతో బానెట్ మీద నీళ్ళు కుమ్మరించి చూస్తే లోపల పొడిగా ఉంది. సంతోషపడ్డాను.

బండిని తాడు కట్టి లాక్కొచ్చిన మర్నాడు నాన్నగారి కాలం నుంచీ దాన్ని చూస్తున్న మేస్త్రీగారు వచ్చారు. డెబ్భై దాటాయి ఆయనకి. ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి రెండు వైపులా ఉన్న క్లిప్పులు తీసి, క్యాప్ తిరగేసి నా చేతిలో పెట్టారు. లోపల నీటి బిందువులు, అన్నం గిన్నె మూత తిరగేస్తే కనిపిస్తాయే, సరిగ్గా అలా. నలుపు రంగు బేకలైట్ మీద సన్నగా మంచు పట్టినట్టు.

"అమ్మాయిగారూ, పైనుంచి వచ్చే నీళ్ళు దోసెడు. కిందనుంచి వచ్చేవి బిందెడు. మీరు దోసెడు ఆపి, బిందెడుకి తలుపులు వేశారు," అన్నారు.

అంబాసిడర్ ఇంజన్ కింద పళ్ళెం లాంటి మూత ఏమీ లేదు. రోడ్డు మీద నీళ్ళు ముందు చక్రాలు పైకి చిమ్ముతాయి. రేడియేటర్ వెనక ఫ్యాన్ ముందు గాలిని, దానితోపాటు తుంపర్లని లాగి ఇంజన్ మీదికి విసురుతుంది. ఆ నీళ్ళు వేడి ఇంజన్ మీద పడి ఆవిరవుతాయి. మామూలుగా అయితే ఆ ఆవిరి బానెట్ సందుల్లోంచి పోతుంది. నేను ఆ సందులన్నీ మూసేశాను. అది పోయే దారి లేక, కాస్త చల్లగా ఉన్నచోట కూర్చుంది. క్యాప్ లోపల.

క్యాప్ తడిస్తే ఏమవుతుందో పిల్లలకి చెప్పినట్టే చెబుతాను. బ్యాటరీ 12 వోల్టులే. కాయిల్ దాన్ని పది వేల వోల్టులు దాటిస్తుంది. ప్లగ్గు మొన దగ్గర గాలిలోంచి దూకాలంటే అంత కావాలి. స్వచ్ఛమైన వాన నీటిలో కరెంటు పెద్దగా పారదు. కాని క్యాప్ మీద దుమ్ము ఉంటుంది, జిడ్డు ఉంటుంది, మా ఊళ్ళో ఉప్పాడ గాలి తెచ్చే ఉప్పు ఉంటుంది. వాటితో కలిసిన పల్చటి తేమ పొర చాలు, కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ పొర మీంచే ఇంజన్ ఇనుముకి పారిపోతుంది. ఒకసారి అలా పారితే దారి పొడవునా కాలి, పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్ల గీత పడుతుంది. అది బొగ్గు. ఆ తర్వాత క్యాప్ ఎండినా సరే, కరెంటు ఆ గీతనే వెతుక్కుంటుంది. నా క్యాప్‌లో రెండు టవర్ల (వైర్లు దూర్చే గొట్టాల) మధ్య అలాంటి గీత ఉంది. ఎంత తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే. క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, అయిదు వైర్లు (నాలుగు ప్లగ్గులవి, ఒకటి కాయిల్‌ది) మార్చాం. కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే సీబీ పాయింట్లు ఎమరీ పేపరుతో రుద్ది, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి పదిహేను థౌకి (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) కట్టాం. వైర్లు తీసేముందు ఒక్కోదానికీ నంబరు రాసిన చీటీ అంటించాను. ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లు మండే క్రమం, 1-3-4-2. ఒక్కటి తారుమారైనా ఇంకో పూట వృథా.

ఆ రాత్రి మేస్త్రీగారు ఒక పరీక్ష చేయించారు. ముందు పెట్రోలు ఎక్కడా కారడం లేదని చూసుకున్నాం. షెడ్డులో లైట్లు ఆర్పి, తలుపులు బార్లా తీసి, ఇంజన్ నడుస్తుండగా ఇస్త్రీ బట్టల మీద కొట్టే స్ప్రే సీసాతో దూరం నుంచి ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్ళు కొట్టాం. కొత్త వైర్లు నల్లగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. తర్వాత ఇంజన్ ఆపి, తేడా చూపించడానికి పాత వైరు ఒకటి తగిలించారు. మళ్ళీ స్టార్టు చేసి స్ప్రే కొట్టగానే వైరు పొడుగునా నీలం చుక్కలు పాకాయి, చీమల బారు నడిచినట్టు, చిటచిటమని. ఇన్నేళ్ళుగా బల్ల మీద ఇండక్షన్ కాయిల్ పెట్టి చూపిస్తున్నాను గాని, అంత అందంగా ఎప్పుడూ చూడలేదు. ఇది మీరు చేస్తే చేతులు జేబులో పెట్టుకోండి. వైర్లని, ఫ్యాన్‌ని ముట్టుకోవద్దు.

నీళ్ళు పైనుంచి ఎక్కడెక్కడ దిగుతున్నాయో కనుక్కోవడానికి నాకు ముగ్గు ఉపయోగపడింది. ఇంజన్ చల్లారాక కార్బురేటర్, డైనమో మీద గుడ్డలు కప్పి, బానెట్ కింద అంచు పొడవునా, ఫైర్‌వాల్ గట్టు మీద పొడి ముగ్గు గీతలా పోశాను. బానెట్ వేసి, ముందు అద్దం మీద చెంబుతో పది నిమిషాలు నీళ్ళు పోశాను. మూత ఎత్తి చూస్తే తెల్ల గీత మూడుచోట్ల తెగింది: బానెట్ ఎడమ కబ్జా (మడతబందు) పక్కన, వైపర్ ఇరుసు కింద, అద్దం కింద రేకు మధ్యలో. అప్పుడు ఇంకో తప్పు బయటపడింది. అద్దం మీంచి జారే నీళ్ళు బయటికి పోవడానికి ఆ మూల చిన్న బెజ్జం ఉంది. సగం వేపాకులతో పూడిపోయింది, మిగతా సగం నా సిలికాన్‌తో. చీపురుపుల్లతో పొడిస్తే ముందు నల్లటి బురద, తర్వాత నీళ్ళు గలగలమని కిందికి దిగాయి. చూరు నీళ్ళు పోయే దారి మూసి, ఇల్లు కారుతోందని కప్పు మీద సిమెంటు పూసినట్టు చేశాను ఇన్నాళ్ళూ.

స్పాంజి బీడింగ్ పీకేశాం. అది నీళ్ళు పీల్చుకుని తడి గుడ్డలా ఉంది. దాని కింద ఆరు నెలల రంగు అప్పుడే పొక్కింది. పొక్కు గోటితో గీకితే ఎర్రటి తుప్పు. మెరిసే ఇనుము వచ్చేదాకా గీకి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ వేసి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ రంగు వేశాను. స్పాంజి బదులు లోపల గొట్టంలా బోలుగా ఉండే ఈపీడీఎం రబ్బరు బీడింగ్ తెచ్చాను. నీళ్ళు పీల్చదు. దాన్ని వెనక అంచుకి, పక్కల్లో సగం దాకా మాత్రమే వేశాను. ముందు వైపు వదిలేశాను, వేడీ ఆవిరీ పోవాలి కాబట్టి. మందం కూడా చూసుకోవాలి. మరీ లావైతే బానెట్ ఒక మూల పైకి లేస్తుంది, ఆ సందులోంచే నీళ్ళు వస్తాయి. బీడింగ్ మీద సుద్ద పూసి బానెట్ ఒకసారి వేసి తీస్తే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలడం లేదో రేకు మీద అచ్చు పడుతుంది. కుడివైపు అచ్చే లేదు. కబ్జా బోల్టులు వదులు చేసి నాలుగుసార్లు సరిచేశాక గీత పూర్తిగా పడింది.

కిందనుంచి వచ్చే నీళ్ళకి చక్రం పైన లోపలి రేకులో ఉన్న రంధ్రాలే పెద్ద దారి. వాటికి పాత లారీ ట్యూబు కోసి రెక్కల్లా వేలాడదీశాం, పైన మాత్రం బోల్టులు, కింద వదులు. గ్రిల్ వెనక ప్లాస్టిక్ షీటు తీసేశాను. మన ఎండలకి రేడియేటర్‌కి గాలి ఆపడం మంచిది కాదు.

ఇక డిస్ట్రిబ్యూటర్. ఈ ఇంజన్‌లో అది డ్రైవరు వైపు, ప్లగ్గుల వైపే ఉంటుంది, ఫ్యాన్ విసిరే తుంపర్లకి అందేలా. మేస్త్రీగారు అమ్మని అంట్లు తోమే రబ్బరు గ్లవ్ అడిగారు. వేళ్ళ కొసలు కత్తిరించి, నాలుగు వేళ్ళలోంచి నాలుగు ప్లగ్ వైర్లు, బొటనవేలులోంచి కాయిల్ వైరు దూర్చి, మణికట్టు భాగాన్ని క్యాప్ మీదికి గొడుగులా లాగారు. అయిదు వేళ్ళు, అయిదు వైర్లు. కింద బిగించి కట్టలేదు, క్యాప్‌కి ఊపిరి ఆడాలి. వైర్ల చివర్ల రబ్బరు టోపీల్లో కొంచెం సిలికాన్ గ్రీజు పెట్టాం. మామూలు గ్రీజు పెట్టకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

గ్లవ్ చూడగానే నాన్నగారు గుర్తొచ్చారు. 1996 నవంబరు 6 తుఫాను తర్వాత అమలాపురం వైపు మేనత్త వాళ్ళ ఊరికి ఈ బండిలోనే బియ్యం, మంచినీళ్ళ డబ్బాలు వేసుకుని వెళ్ళాం. కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్ళు పారుతున్నచోట బండి ఆపి, డైనమో బోల్టు వదులు చేసి ఫ్యాన్ బెల్టు జార్చేశారు. ఫ్యాన్ తిరక్కపోతే నీళ్ళు విసరదు. మొదటి గేరులో, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా దాటించి, అవతల గట్టున బ్రేకులు నెమ్మదిగా నొక్కుతూ ఆరబెట్టి, దిగి బెల్టు మళ్ళీ వేశారు. అదే బెల్టు మీద వాటర్ పంపు కూడా తిరుగుతుంది కాబట్టి, ఆలస్యమైతే ఇంజన్ కాగిపోతుందని, టార్చి నాకిచ్చి పట్టుకోమన్నారు. ఆ చేతుల వేగం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

ఈ ఏడు మొదటి వాయుగుండం వాన మొన్న మంగళవారం పడింది. కావాలనే వానలో సామర్లకోట దాకా వెళ్ళి వచ్చాను. అమ్మ కూడా వస్తానంది. ఎక్కడా మిస్సింగ్ లేదు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి టార్చి వేశాను. ఇంజన్ మీద అక్కడక్కడా తడి ఉంది, ఆరిపోతోంది. గ్లవ్ ఎత్తి క్యాప్ విప్పితే లోపల పొడి. పొద్దున పోసిన ముగ్గు గీత ఎడమ కబ్జా దగ్గర మాత్రం ఒక వేలెడు మేర చెరిగింది. అక్కడి బీడింగ్ ఆదివారం విప్పి చూడాలి.