దివిసీమకి రెండు రోజులైనా పెట్టుకోండి

ఆదివారం. పొద్దున్నే రైతుబజార్‌కి వెళ్లొచ్చి, బట్టలు ఆరేసి, వంట మొదలుపెట్టేసరికి పై ఫ్లోర్ అక్క వచ్చింది. వాళ్లది కరీంనగర్. సంక్రాంతి సెలవుల్లో పిల్లలకి సముద్రం చూపించాలట, వైజాగ్ ఇంతకుముందే చూసేశారట. "మీ అవనిగడ్డ దిక్కు సముద్రం ఉంటది కదా చెల్లే, ఒక్కరోజుల పోయి రావచ్చా? ఏముంటయి ఆడ చూడనీకి?" అంది. పొయ్యి కట్టేసి కూర్చున్నాను. మా వైపు గురించి ఎవరైనా అడిగితే ఇక నాకు వేరే పని గుర్తుండదు.

ఒక్కరోజు అస్సలు చాలదని ముందే చెప్పేశాను. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు చాలామంది నేరుగా హంసలదీవి బీచ్‌కి పోయి, గంటసేపు ఫొటోలు దిగి, "అక్కడ హోటళ్లు కూడా లేవండీ" అనుకుంటూ వచ్చేస్తారు. నాకు బాధేస్తుంది. దివికి, అంటే కృష్ణ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న మా అవనిగడ్డ వైపుకి, వెళ్తే సముద్రాన్ని చివరికి ఉంచుకోవాలి, దారిలోనే బోలెడు ఉంది.

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు దాటితే కూచిపూడి. అక్కడి నుంచి కాస్త పక్కకి తిరిగితే ఘంటసాల, బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి (శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోవద్దన్నాను). ఆ ఊళ్లోనే జలధీశ్వరుడి గుళ్లో శివుడూ పార్వతీ ఒకే పీఠం మీద ఉంటారు. దగ్గర్లోనే కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం, ఉత్తరాంధ్రలోది కాదు, మా కృష్ణా జిల్లాది. కళింగ దండయాత్రకి వెళ్తూ కృష్ణదేవరాయలు ఇక్కడ ఆగాడని, ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమంటే ఆముక్తమాల్యద రాశాడని చెబుతారు. అంత పెద్ద కథ ఉన్న గుళ్లో మామూలు రోజుల్లో జనమే ఉండరు, పిల్లల్ని కాసేపు మండపంలో కూర్చోబెట్టి ఆ కథ చెప్పమన్నాను. తర్వాత మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, అది దాటగానే పులిగడ్డ అక్విడక్టు. నది పాయ మీదుగా కాలువ నీళ్లు దివిలోకి వచ్చేది దాని మీద నుంచే, దివిలో వరి పండుతోందంటే ఆ నీళ్ల వల్లే. బండి ఆపి కిందకీ పైకీ చూడాల్సిన చోటు.

రాత్రికి అవనిగడ్డలో ఉండి, రెండో రోజు పొద్దున్నే నాగాయలంక వైపు. ఏటిమొగ రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే ఎదురుమొండి దీవి. మనుషులు, బైకులు, సరుకుల బస్తాలు అన్నీ ఒకే పంటు మీద ఏరు దాటుతుంటే పిల్లలకి అంతకంటే ఏం కావాలి! ఆ వైపంతా మడ అడవులు, చేపలు పట్టి తినే అడవి పిల్లి, బావురు పిల్లి ఉండేది అందులోనే. అది కనిపించకపోయినా కొంగలైతే కనిపిస్తాయి.

ఆ తర్వాతే సముద్రం. కోడూరు మీదుగా హంసలదీవి వేణుగోపాలస్వామిని చూసుకుని పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లాలి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అక్కడికి ఇంకా దూరం, ఇసుకలో పోవాలి, ఆటుపోట్లు చూసుకోవాలి, అక్కడివాళ్లు వద్దంటే ఆగిపోవాలి. సంగమం దగ్గర నీళ్లు పైకి ప్రశాంతంగా ఉన్నా లోపల లాగేస్తాయి, మోకాళ్లు దాటి పిల్లల్ని దిగనివ్వద్దని గట్టిగా చెప్పాను. చలికాలం నుంచి ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లని కాపాడి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. మాఘ పౌర్ణమికి మాత్రం ఇసకేస్తే రాలనంత జనం.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఉప్పెన గురించి కూడా చెప్పాను. 1977 నవంబర్ 19. పదివేల మందికి పైగా పోయారు, నాగాయలంక వైపు సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మా అమ్మ ఇప్పటికీ ఎవరి వయసైనా "ఉప్పెనకి ముందు పుట్టాడు, తర్వాత పుట్టింది" అనే లెక్క కడుతుంది. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "పిల్లలకు ఇది చెప్పాలె" అంది. చెప్పాలి. ఆ నేల మీద నడిచేవాళ్లు ఎవరైనా అది తెలుసుకుని నడిస్తే నాకు తృప్తి.

తిండి సంగతి అడిగితే పండుగొప్ప చేపల పులుసు, రొయ్యల వేపుడు ఎక్కడ దొరికినా వదలొద్దన్నాను. బందరు లడ్డూ కోసం బందరే వెళ్లాలి, టైమ్ ఉంటే మంగినపూడి బీచ్ కూడా చూసుకోవచ్చు. వాళ్లాయన రెండు రోజుల సెలవు అడుగుతాడట. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, "మనింట్లోనే దిగమను, హోటలెందుకు" అంది. ఆ మాట అక్కకి రేపు చెప్పాలి, పంటు ఆఖరి ట్రిప్పు టైమ్ రేవులో ముందే అడుక్కోమని కూడా.